పులిహోర పొట్లాల జనాభా

పెళ్ళయిన పదకొండో రోజుకి వారిజ తన మొగుడి గురించి మూడు సంగతులు ఖాయంగా తెలుసుకుంది. నవ్వేటప్పుడు అతని ఎడమ కన్ను కుడి కన్నుకంటే ముందు మూసుకుంటుంది. బెల్లం ముక్క చేతికిస్తే సగం కొరికి మిగతా సగం జేబులో దాచుకుంటాడు. ఇనపకంచెకి అవతల నిలబడితే అతని గడ్డం సరిగ్గా నాలుగో తీగ ఎత్తుకి వస్తుంది. అంతకు మించి తెలుసుకోవడానికి ప్రభుత్వం ఒప్పుకోలేదు.

మొగుడి పేరు గవర్రాజు. కాందిశీకుడు. రంగూన్‌లో పుట్టి, అక్కడే ఒక బియ్యం మిల్లు ఆఫీసులో టైపు కొట్టుకుంటూ బతుకుతుంటే, ఒకనాడు పొద్దున్నే అక్కడి సర్కారువాళ్ళు వచ్చి, "మీరు ఈ దేశంవాళ్ళు కారు, వెళ్ళిపొండి" అన్నారు. చేత్తో మోయగలిగినంత మోసుకుని తల్లీ కొడుకులు ఓడెక్కారు. మోయగలిగిన వాటిలో కూడా తల్లి పైడమ్మ చెవిపోగులు రేవు దగ్గరే ఆగిపోయాయి. ఓడ వాళ్ళని విశాఖపట్నంలో దింపింది. ఊరి చివర రేకుల షెడ్లు వేసి, చుట్టూ కంచె కట్టి, కాందిశీకుల శిబిరం అని బోర్డు పెట్టారు.

వారిజ నాన్నగారు ఏదో అర్జీ టైపు చేయించుకోవడానికి అతన్ని ఇంటికి పిలిపించారు. బి.ఎ.లో లెక్కలు చదివిన వారిజ కాఫీ ఇవ్వడానికి వచ్చి, మీటలకేసి చూడకుండా టైపు కొట్టే మనిషిని మొదటిసారి చూసింది. మీటలకేసి చూడకుండా మరెటు చూస్తున్నాడో కాసేపటికి నాన్నగారికీ తెలిసింది. ఫాల్గుణంలో సింహాచలం కొండమీద, మేళం కూడా లేకుండా, పెళ్ళయిపోయింది.

పెళ్ళి సులువుగానే అయింది గాని కాపురమే కంచె దగ్గర ఆగింది. శిబిరంలో మగవాళ్ళకి ఒక షెడ్డు, ఆడవాళ్ళకి ఒక షెడ్డు. ఆలుమగలిద్దరూ కాందిశీకులైతే కుటుంబాల వరసలో ఒక గది ఇస్తారు. ఒక్కరే అయితే ఆ ఒక్కరూ షెడ్డులో ఉండాలి, రెండోవారు సాయంత్రం నాలుగు నుంచి అయిదు దాకా కంచె బయట నిలబడి చూసి పోవచ్చు. గవర్రాజు వరసగా రెండు రాత్రులు శిబిరం వదిలితే పేరు కొట్టేస్తారు. పేరు పోతే రేపు ఇస్తామన్న ఇంటిస్థలమూ, ఉద్యోగమూ పోతాయి.

కుటుంబాల వరసలో పద్నాలుగో నంబరు గది ఖాళీగా ఉంది. కొత్తగా సున్నం వేశారు. నీలం రంగు తలుపు. తలుపుకి లోపలివైపు ఇత్తడి గడియ. వారిజ దాన్ని కంచెలోంచి రోజూ చూసుకునేది.

"గడియ వేస్తే కిర్రుమంటుందా, టక్కుమంటుందా?" అని ఒకరోజు అడిగింది.

"టక్కుమంటుంది. వేసి చూశాను," అన్నాడు గవర్రాజు. అతని చెవులు ఎర్రబడ్డాయి. వారిజకి అది నాలుగో సంగతి.

ఆ టక్కు కోసం ఆమె అర్జీ రాసింది.

శిబిరానికి స్పెషల్ ఆఫీసరు పరాంకుశం గారు. గేటు పక్కనే ఆయన ఆఫీసు. మంచినీళ్ళు అడగాలన్నా "జలపానం విషయమై చర్య తీసుకోవలసింది" అనే మనిషి. ఆయన కుర్చీ వెనక గోడమీద పెద్ద చెక్క బోర్డుంది. దానిమీద ఎనామిల్ రంగుతో, ఎండకీ వానకీ చెక్కుచెదరకుండా, "ఓడ దిగిన కాందిశీకులు: 1,143" అని రాసి ఉంది.

"అమ్మా, తమరు ఆశ్రితురాలిగా నమోదు కోరుచున్నారు," అన్నాడాయన అర్జీ చదివి. "ఆశ్రితురాలనగా కాందిశీకునితోబాటు ఓడ దిగిన ఆశ్రితురాలు. తమరు దిగలేదు."

"నేను ఈ ఊళ్ళోనే పుట్టానండి. ఎక్కని ఓడ ఎలా దిగుతాను?"

"అదే మా అభ్యంతరము కూడా. పైగా సంఖ్య స్థిరపడినది." ఆయన వెనక్కి తిరగకుండానే బొటనవేలితో బోర్డు చూపించాడు. "ఈ సంఖ్య శాసనసభలో చెప్పబడినది. సభలో చెప్పిన పిమ్మట అది సంఖ్య కాదమ్మా, మాట. మాట పెరగదు, తరగదు."

"నేను ఒక్కదాన్నేనండి."

"ఒక్కటి కలిపినచో ఏమగునో లెక్కలు చదివిన మీకు నేను చెప్పవలెనా?"

వారిజ బయటికి వచ్చి కంచె దగ్గర మొగుడికి బెల్లం ముక్క ఇచ్చింది. అతను సగం కొరికి, మిగతా సగం జేబులో వేసుకోబోయి, తిరిగి ఆమెకిచ్చాడు. ఆ సాయంత్రానికి అది చాలనిపించింది. అయినా రెండో అర్జీ రాసింది.

రెండో అర్జీ పట్టుకుని ఆమె ఆఫీసు వరండాలో బల్లమీద కూర్చున్న రోజునే పైనుంచి తాఖీదు వచ్చింది. వైశాఖ బహుళంలో పరిశీలక సంఘం శిబిరానికి విచ్చేసి 1,143 మంది కాందిశీకులను స్వయంగా వీక్షిస్తుందని దాని సారాంశం.

పరాంకుశం గారు జనాన్ని వరసలో నిలబెట్టి లెక్కపెట్టించాడు. 1,126 వచ్చింది. కూర్చోబెట్టి లెక్కపెట్టించాడు. అంతే వచ్చింది. ఒక్కొక్కరి అరచేతిమీద సుద్దతో గీత పెట్టించి లెక్కపెట్టించాడు. అప్పుడూ అంతే.

"పదిహేడుగురు పలాయనము చిత్తగించిరి!" అని కేక వేశాడు.

"ఎవరూ పోలేదండి," అన్నాడు హెడ్ గుమస్తా భీమశంకరం. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఏ విషయానికీ ఆశ్చర్యపోని మనిషి. ముక్కుపొడుం పట్టు పట్టి, తీరిగ్గా చెప్పాడు. "ఓడ వచ్చిన రోజు జనం కిందా మీదా పడి దిగుతున్నారు. మనిషన్నవాడు కుదురుగా ఉండడు కదండీ, లెక్కకి దొరకలేదు. అందుకని స్వాగతానికి పంచిన పులిహోర పొట్లాలు లెక్కపెట్టాం. పెద్ద పొట్లం పెద్దవాళ్ళకి, చిన్న పొట్లం పిల్లలకి. ఎన్ని ఆకులు ఖాళీ అయితే అంతమంది. ఎక్కడా తేడా రాదు."

"మరి తేడా వచ్చినదే?"

"స్వాగతానికి బ్యాండు మేళం పెట్టాం కదండీ. వాళ్ళూ తిన్నారు. మేళంలో పదిహేడుగురు."

పరాంకుశం గారు మొదటిసారిగా వెనక్కి తిరిగి బోర్డుకేసి చూశాడు.

వారిజ ఆగలేక గుమ్మంలోకి వచ్చింది. "అయితే తప్పు దొరికింది కదండీ. పదకొండు వందల ఇరవయ్యారని దిద్దుకుంటే సరి."

పరాంకుశం గారు ఆమెకేసి జాలిగా చూశాడు. "సభకి తప్పు చెప్పితిమని చెప్పుట కంటె పదిహేడుగురు కాందిశీకులను సమకూర్చుట సులభమమ్మా."

వారిజ ఒక అడుగు ముందుకేసింది. "అయితే ఒకరిని నేనున్నానండి! ఇక పదహారుగురే కావాలి."

"ఎంత మాట! ఆ పొట్లములు తిన్నదెవరో తెలిసిన తరువాత వేరొకరిని చేర్చుకొనుట మోసమగును. ఈ ఆఫీసులో అటువంటి పనులు జరుగవు. ఎవరు తినిరో వారే కాందిశీకులు కావలెను. భీమశంకరం, ఆ మేళమును పిలిపించుడు."

మేళగాడు క్లారినెట్ సన్యాసి. బక్కపలచని మనిషి, బుగ్గలు మాత్రం బూరెల్లా ఉంటాయి. తన జట్టునంతా వెంటేసుకొచ్చి చేతులు కట్టుకు నిలబడ్డాడు.

"మీరు ఇకమీదట రంగూన్ నుంచి వచ్చిన కాందిశీకులు," అన్నాడు పరాంకుశం గారు.

"బావూ, నాను అనకాపిల్లి దాటి ఎల్లనేదు," అన్నాడు సన్యాసి.

"రికార్డు ప్రకారం వెళ్ళావు. అక్కడినుంచి వచ్చావు. వచ్చి పులిహోర తిన్నావు. తిన్నావా లేదా?"

"తిన్నాను బావూ. ఉప్పు తక్కువేసినారు."

"చూశారా, ఒప్పుకున్నాడు," అన్నాడాయన భీమశంకరంతో.

ఆ విధంగా పదిహేడుగురు మేళగాళ్ళూ కాందిశీకులై, దుప్పటి, కంచం, వారానికి సరిపడా బియ్యం పుచ్చుకుని మగవాళ్ళ షెడ్డులో దిగారు. పెద్ద డోలు గవర్రాజు మంచం పక్కన పెట్టారు. సంఘంవాళ్ళు వచ్చి ఏమైనా అడిగితే తడబడకుండా వాళ్ళకి నాలుగు ముక్కలు నేర్పమని పైడమ్మకి హుకుం వేశారు. పైడమ్మ చుట్ట వెలిగించుకుని అరుగుమీద కూర్చుంది. మేళమంతా ఆమె ముందు కూర్చుంది.

"పెద్దోలు అవుపడితే మింగలాబా అనాల, అంటే దండాలని. అనండి."

"మింగలాబా!"

"నోరు అంతలా తెరవకండి, సన్నాయి ఊదుతున్నారేటి? రంగూనోడు పొందిగ్గా అంటాడు."

"అత్తా, రంగూను ఎలగుంటాదో సెప్పవా?" అన్నాడు సన్యాసి. "ఎవులైనా అడిగితే సెప్పుకోవాల."

పైడమ్మ చుట్ట తీసి, బోసిచెవి ఒకసారి తడుముకుంది. "బాగుంటాదిరా నాయనా. పొమ్మన్నంత వరకూ బాగుంటాది," అంది. మళ్ళీ చుట్ట పెట్టుకుంది.

ఈలోగా వైశాఖ మాసం వచ్చింది. ఊళ్ళో ముహూర్తాలు మొదలయ్యాయి. కాందిశీకులు చీటీ లేనిదే శిబిరం దాటకూడదు. మేళానికి చీటీ ఇవ్వడానికి పరాంకుశం గారు ఒప్పుకోలేదు. ఊరేగింపులో ఒకడు తప్పిపోతే సంఖ్య ఏమవుతుంది? దాంతో పెళ్ళివారే శిబిరానికి రావడం మొదలుపెట్టారు. పెళ్ళికొడుకు కారెక్కి కంచె చుట్టూ తిరుగుతుంటే, మేళం కంచె లోపల అతని వెంట నడుస్తూ వాయించేది. మలుపుల దగ్గర పెళ్ళికొడుకు ఆగి మేళం కోసం కాచుకునేవాడు. ఆడపెళ్ళివారు తీగల సందుల్లోంచి తాంబూలాలు అందించేవారు.

వారిజకి ఆ దృశ్యం ఎంతో నచ్చింది. ఆమె కంచె బయట, గవర్రాజు కంచె లోపల, ఇద్దరూ కూడా ఊరేగింపుతో సమానంగా నడిచేవాళ్ళు. "ఏవండీ, ఇవాళ్టికి మన పెళ్ళి అయిదోసారి అయింది," అనేది. అతని ఎడమ కన్ను ముందు మూసుకునేది.

అంతలో సన్యాసి భార్య అయిదుగురు పిల్లలతో వచ్చి గేటు దగ్గర కూర్చుంది. మొగుడు కాందిశీకుడైతే తాను ఎవరో తేల్చమంది. ఆమె వెనకే మిగతా మేళగాళ్ళ భార్యలూ, బిడ్డలూ, ఒక ముసలి అత్తా వచ్చారు. మొత్తం నలభై ఒక్కమంది. పరాంకుశం గారు నిబంధనల పుస్తకం రెండు రోజులు చదివి తీర్పు చెప్పాడు.

"వీరి భర్తలు ఓడ దిగినట్లు రికార్డు కలదు. భర్త ఓడలో వచ్చుచుండగా భార్య మరెక్కడ ఉండును? కావున వీరును దిగిరి. వీరు ఆశ్రితులు."

సన్యాసి కుటుంబానికి పద్నాలుగో నంబరు గది ఇచ్చారు.

ఆ మాట విన్న వారిజ పరుగున ఆఫీసులోకి వెళ్ళింది. ఒగర్పు తీర్చుకోకుండానే అడిగింది. "సన్యాసి రంగూన్ చూడలేదు. ఆయన భార్య ఓడే చూడలేదు. వాళ్ళకి గది ఇచ్చారు. మా ఆయన అక్కడ పుట్టి పెరిగిన మనిషి. నేను ఆయన పెళ్ళాన్ని. నేనెందుకు కానండీ?"

"మీ పెళ్ళి ఎప్పుడైనది?"

"ఫాల్గుణంలో."

"ఓడ ఎప్పుడు వచ్చినది?"

"మాఘంలో."

"అంటే మీ పెళ్ళి ఓడ దిగిన పిమ్మట జరిగినట్లు రుజువున్నది. సన్యాసి పెళ్ళి ఎప్పుడు జరిగినదో రుజువు లేదు. రుజువు లేనివారిని నమ్మవలసి యున్నది. రుజువున్న వారిని ఎట్లు నమ్ముట?"

వారిజ గుమ్మం దాకా వచ్చింది. బయట పద్నాలుగో నంబరు గది తలుపు మీద సన్యాసి పిల్లలు ముగ్గురు ఊగుతున్నారు.

ఆమె కష్టం అక్కడితో ఆగలేదు. 1,143కి నలభై ఒకటి కలిస్తే 1,184. సంఖ్య తగ్గకూడదన్న నియమమే పెరగకూడదని కూడా చెబుతోంది. నలభై ఒక్కమందిని కొట్టెయ్యాలి. ఎవరిని? మేళాన్నీ, వాళ్ళ కుటుంబాలనీ ఇప్పుడే ఎంతో శ్రమపడి రికార్డుకి ఎక్కించారు. కాబట్టి మిగిలినవాళ్ళలోంచి కొట్టెయ్యాలి. ఊళ్ళో చుట్టాలున్నవాళ్ళనీ, తెలుగు మరీ బాగా మాట్లాడేవాళ్ళనీ, "ఇక్కడి గాలి బాగుంది" అన్నవాళ్ళనీ ఏరారు. వరసలో మొదటి పేరు గవర్రాజుది.

"ఇతను స్థానికురాలిని వివాహమాడినాడు," అని ఉత్తర్వు. "స్థానికురాలి భర్త స్థానికుడు. స్థానికుడు కాందిశీకుడు కానేరడు." కింద వారిజ అర్జీలు రెండూ సాక్ష్యంగా జతచేశారు.

ఆఫీసులో టైపిస్టు లేడు గనక ఆ ఉత్తర్వు టైపు కొట్టింది గవర్రాజే. మీటలకేసి చూడకుండా చివరిదాకా కొట్టి, కాగితం తీసి పరాంకుశం గారి బల్లమీద పెట్టాడు.

"అక్కడ మీరు ఈ దేశంవాళ్ళు కారన్నారండి. ఇక్కడ మీరు ఆ దేశంవాళ్ళు కారంటున్నారు. ఓడలో ఉన్న అయిదు రోజులే నేను ఖాయంగా ఎవరో ఒకణ్ణి అయినట్టుంది," అన్నాడు.

"చక్కగా చెప్పితివి. అర్జీ రూపమున ఇమ్ము," అన్నాడాయన.

పైడమ్మ పేరు మాత్రం జాబితాలో ఉండిపోయింది, 'లేని వ్యక్తిపై ఆధారపడిన ఆశ్రితురాలు' అని. గవర్రాజు ట్రంకుపెట్టె పట్టుకుని అత్తారింటికి వచ్చాడు. అల్లుడు వచ్చాడన్న సంబరం వారిజకి ఒక పూటే మిగిలింది. రెండు గదుల ఇల్లు, ఎనిమిదిమంది మనుషులు. అమ్మ, నానమ్మ, చెల్లెళ్ళు ఒక గదిలో. రెండో గదిలో పొయ్యీ, వంట సామానూ. అల్లుడు వరండాలో, మామగారి పక్కన. ఆ ఇంట్లో తలుపులకి గడియలున్నాయి గాని, గడియ వెయ్యడానికి వీలుగా ఖాళీ గదే లేదు. ఇదివరకు ఇద్దరి మధ్యా కంచె ఉండేది, ఇప్పుడు మామగారి గురక ఉంది. కంచె నయమనిపించింది వారిజకి. కంచె సందుల్లోంచి కనీసం చెయ్యి పట్టేది.

సంఘం రావడానికి రెండు రోజుల ముందు భీమశంకరం స్వయంగా వాళ్ళింటికి వచ్చాడు.

"అబ్బాయ్, నీకు డోలు వాయించడం వచ్చా?"

"రాదండీ."

"పరవాలేదు. సంఘానికి మేళంతో స్వాగతం చెప్పాలని తాఖీదులో ఉంది. మేళగాళ్ళేమో కాందిశీకుల వరసలో నిలబడాలి. మేళం లేదు. కొట్టేసినవాళ్ళలోంచి పదిహేడుగురికి మేళంవాళ్ళ ఎర్రకోట్లు తొడిగి గేటు దగ్గర నిలబెడతాం. తక్కిన ఇరవై నలుగురూ పురప్రజలై జెండాలు ఊపాలి. అందరికీ పులిహోర ఉంటుందిలే."

వారిజ అప్పటిదాకా తలుపు వెనక నిలబడి వింటోంది. పులిహోర అనేసరికి బయటికి వచ్చింది.

"బాబాయిగారూ, ఈసారి జనాన్ని ఎలా లెక్కపెడతారండి?"

భీమశంకరం ఆమెకేసి చాలాసేపు చూశాడు. పొడుం డబ్బా తీసి, మూత తట్టి, మళ్ళీ లోపల పెట్టుకున్నాడు. "వెయ్యిమందిని నిలబెట్టి లెక్కపెట్టే తీరిక పెద్దవాళ్ళకి ఎక్కడుంటుందమ్మా? పాత పద్ధతే. ఈసారి ఆకులు అధ్యక్షులవారు స్వయంగా లెక్కపెడతారట."

ఆయన వెళ్ళాక వారిజ మొగుడితో అంది. "ఏవండీ, నేను కూడా జెండా ఊపుతాను."

సంఘం వచ్చిన రోజు శిబిరమంతా మామిడి తోరణాలు. గేటు దగ్గర ఎర్రకోటు తొడుక్కుని గవర్రాజు డోలు మెడకి తగిలించుకున్నాడు. కోటు సన్యాసి జట్టులో పొట్టివాడిది. మోచేతుల దాకానే వచ్చింది. అయినా వారిజ కంటికి పెళ్ళినాటికంటే అందంగా ఉన్నాడు. అధ్యక్షులవారి కారు ఆగగానే పదిహేడుగురూ ఒక్కసారి వాయించారు. కారు ముందు కూర్చున్న జవాను దడుచుకుని కిందికి దూకాడు.

"ఇది ఏ రాగమండీ?" అన్నారు అధ్యక్షులవారు.

"రంగూన్ బాణీ అండి," అన్నాడు భీమశంకరం.

లోపల కాందిశీకుల వరసలో సన్యాసి ఈ శబ్దం వినలేక రెండు చెవులూ మూసుకున్నాడు. అధ్యక్షులవారు అతని ముందు ఆగి, "పాపం, ఎన్ని బాధలు పడ్డారో! ఆ తుపాకుల చప్పుళ్ళు ఇంకా చెవుల్లో ఉన్నట్టున్నాయి," అని భుజం తట్టారు. సన్యాసికి మింగలాబా గుర్తు రాలేదు. "ఉప్పు తక్కువేసినారు బావూ," అన్నాడు. అధ్యక్షులవారు కళ్ళు తుడుచుకున్నారు.

తరవాత పులిహోర పంచారు. అధికారులు పళ్ళేల్లో తిన్నారు గనక లెక్కలోకి రాలేదు. మిగతా అందరికీ అడ్డాకు పొట్లాలు. పొట్లాల గంప జెండాల జనం దగ్గరికి వచ్చింది. వారిజ ఒక పెద్ద పొట్లం తీసుకుంది. కంచెకి అవతల నుంచి ఎవరో చెయ్యి పట్టి లాగారు. పైడమ్మ.

"ఏటే కోడలా, ఒకటేనా? సిన్నయి రెండట్టుకో."

"మీకు కావాలా అత్తయ్యా?"

"నాకెందుకే? నాది నాకిచ్చినారు. నువ్వట్టుకో అంటన్నాను. ఈలు మనిసిని సూడరు, ఆకు సూత్తారు."

వారిజకి అర్థం కాలేదు గాని, అత్తగారి మాట కాదనడం ఎందుకని చిన్న పొట్లాలు రెండు తీసుకుంది. పులిహోరలో ఇంగువ ఘుమఘుమలాడుతోంది. ఈసారి ఉప్పు సరిపోయింది. మూడూ తినేసి, మూడు ఆకులూ మడిచి కుప్పలో వేసింది.

అధ్యక్షులవారు కుర్చీ వేయించుకుని ఆకులు స్వయంగా లెక్క వేయించారు. 1,187 వచ్చింది. ఆయన ముఖం వెలిగిపోయింది. "పరాంకుశం గారూ! పదకొండు వందల నలభై మూడని వినయంగా చెప్పారు. మీ పోషణలో కాందిశీకులు వృద్ధి చెందుతున్నారే!" అని అక్కడికక్కడే వైర్‌లెస్‌లో సభకి ఆ సంఖ్య పంపించేశారు.

మూడు రోజుల తరవాత, మధ్యాహ్నం భోజనాలయ్యాక, పరాంకుశం గారు, భీమశంకరం ఇద్దరూ వారిజ వాళ్ళింటి గుమ్మంలో నిలబడ్డారు. పరాంకుశం గారి చొక్కా చెమటతో తడిసిపోయింది. చంకలో పెద్ద రిజిస్టరు.

"నాయనా గవర్రాజు, నిన్ను తిరిగి కాందిశీకుణ్ణి చేసితిమి," అన్నాడు కూర్చోకుండానే. "కొట్టివేసిన నలభై ఒక్కమందిని చేర్చుకొంటిమి. మొత్తము 1,184. అయినను మూడు తక్కువ."

"ఒక పెద్ద పొట్లం, రెండు చిన్న పొట్లాలు," అన్నాడు భీమశంకరం గాల్లోకి చూస్తూ. "ఎవరు తిన్నారో నేను చూశాను. ఎవరు తింటే వాళ్ళే కావాలని మన ఆఫీసు నియమం."

వారిజ తల వంచుకుంది. నవ్వు ఆపుకోవడానికి పమిట కొంగు నోట్లో కుక్కుకోవలసి వచ్చింది. "ఆకలేసిందండి," అంది.

"అమ్మా, మీకు వందనములు. మీరు ఓడ దిగిరి. ఎవరేమన్నను మీరు దిగిరి!" పరాంకుశం గారు రిజిస్టరు తెరిచాడు. "మీ పేరు ఎక్కించితిమి. గవర్రాజు భార్య, వయసు ఇరవై రెండు. దాని కింద ఇద్దరు పిల్లలు. బాబుకి అయిదేళ్ళు, పాపకి మూడేళ్ళు. సభకి చెప్పబడినది. మాట పెరగదు, తరగదు. సంఘము వచ్చే ఫాల్గుణమున మరల వచ్చును. కావున ఆ ఇద్దరినీ ఎప్పటిలోగా చూపగలరో సెలవిండు."

గది లోపల నుంచి నానమ్మ దగ్గింది. గవర్రాజు చెవులు మందారాలయ్యాయి. అతను కిటికీలోంచి బయటికి చూడసాగాడు. మీటలు లేవు గనక మరెటు చూడాలో తెలియలేదు.

వారిజకి అత్తగారి చిన్న పొట్లాలు ఇప్పుడు అర్థమయ్యాయి.

"పుట్టేటప్పటికే అయిదేళ్ళూ మూడేళ్ళూ అంటే కష్టమండి," అంది మెల్లగా.

"వయసు సవరింపవచ్చును. సంఖ్యయే సవరింపరాదు. ఒకే విడత ఇద్దరైనచో ఆఫీసుకి మరింత సౌకర్యము."

"మా ప్రయత్నం మేం చేస్తామండి." ఆమె తలెత్తింది. "కానీ ఈ ఇల్లు చూశారు కదా. ఎనిమిదిమందిమి. ఆయన వరండాలో, నేను నానమ్మ పక్కన. ఈ ఏర్పాటులో సభ మాట నిలబెట్టడం ఎలాగండీ? గది కావాలి. లోపలివైపు గడియ ఉన్న గది. పద్నాలుగో నంబరు."

"అది సన్యాసికి కేటాయింపబడినది!"

గేటు బయట నుంచి సన్యాసి గొంతు వినిపించింది. సంఘం వెళ్ళాక చీటీల గొడవ సడలింది గనక, పరాంకుశం గారి రిక్షా వెనకే తన జట్టుతో సహా వచ్చినట్టున్నాడు. "ఇచ్చీండి బావూ! నాకు అయిదుగురు పిల్లలు. లోపలికొకడు, బయటికొకడు. ఆ గడియ ఒక్కపాలి ఏసింది నేదు. నాకెందుకది? సలవ పందిరేసుకుని ఉంటాను."

పరాంకుశం గారు అక్కడే, గడప మీద కూర్చుని, ఉత్తర్వు రాశాడు. 'సభకు తెలియపరచిన సంఖ్యను భర్తీ చేయు నిమిత్తము, అత్యవసర ప్రాతిపదికపై, పద్నాలుగవ నంబరు గది శ్రీ గవర్రాజు దంపతులకు కేటాయించడమైనది. పని పురోగతిని ఎప్పటికప్పుడు తెలియజేయవలెను.'

"మీ పెళ్ళికి మేళం నేదంట కదమ్మా," అన్నాడు సన్యాసి, ఎర్రకోటు బొత్తాలు పెట్టుకుంటూ. "రంగూను మేళం పెట్టుకుందురు గాని, రండి."

ఊరి నడిమధ్య నుంచి, పట్టపగలు, క్లారినెట్టూ సన్నాయీ డోలూ ముందు నడవగా వాళ్ళిద్దరూ శిబిరానికి వెళ్ళారు. గేటు దగ్గర ఎవరూ చీటీ అడగలేదు. గవర్రాజు నాలుగో తీగ దగ్గర ఒక్క క్షణం ఆగి, అటునుంచి ఇటు చూసుకుని నవ్వాడు. పైడమ్మ పద్నాలుగో గది ముందు ముగ్గు పెట్టి, చుట్ట ఆర్పి, ఎదురుగా అరుగు మీద ఏమీ ఎరగనట్టు కూర్చుంది.

"అత్తయ్యా, మీకు ముందే తెలుసు కదూ?"

"నాకేటి తెలుసే? నాను సదువుకున్నదాన్నా?" అంది పైడమ్మ. "లోపలికెల్లు."

నీలం తలుపు మూసుకుంది. మేళం ఆగింది. ఆ నిశ్శబ్దంలో అందరికీ స్పష్టంగా వినిపించింది.

టక్.

భీమశంకరం గడియారం చూసుకుని, రిజిస్టరు తెరిచి, పురోగతి గడిలో రాశాడు: 'మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలు. పని ప్రారంభమైనది.'